గల్ప్-పగ్: ప్లగిన్ మంచిదే, చిక్కంతా గల్ప్‌ఫైల్లోనే

గుంటూరు మిర్చి కమీషన్ కొట్టుకో, బ్రాడీపేట కోచింగ్ సెంటరుకో సైటు చేసిపెట్టేవాళ్లకు తెలిసిన తలనొప్పే: ఫోన్ నంబరు మారితే ముప్ఫై పేజీల్లోనూ దిద్దాలి. ఆ బాధ తప్పించడానికి గల్ప్-పగ్ చక్కగా సరిపోతుంది. ఇది గల్ప్‌కు ప్లగిన్; గల్ప్ అంటే సైటు ఫైళ్ల మీద మళ్లీ మళ్లీ చేసే పనులను తనే నడిపే పనిముట్టు. పైసా ఖర్చు లేదు. 2016 దాకా జేడ్ అని పిలిచిన పగ్ అనే టెంప్లేట్ భాషలో టెంప్లేట్లు రాస్తే, వాటిని హెచ్‌టీఎంఎల్‌గా మార్చి ఇస్తుంది, అంతే. సర్వర్లో నోడ్ (గల్ప్‌ను నడిపే జావాస్క్రిప్ట్ వేదిక) అక్కర్లేదు, మామూలు షేర్డ్ హోస్టింగ్ చాలు.

హెడర్, ఫుటర్ ఫైళ్ల పేర్లు అండర్‌స్కోర్‌తో మొదలుపెట్టి, గల్ప్‌ఫైల్లో, అంటే గల్ప్ చేయాల్సిన పనులు రాసే ఫైల్లో, సోర్స్ (మార్చాల్సిన ఫైళ్ల జాబితా) నుంచి మినహాయించండి. లేదంటే ఫుటర్ కూడా విడి పేజీగా బయటికొస్తుంది. అదే మినహాయింపు వాచ్‌లోనూ (ఫైలు మారగానే పనిని మళ్లీ నడిపే ఏర్పాటు) పెట్టారా, ఫుటర్ ఎంత దిద్దినా సైటు ఉలకదు, పలకదు. వాచ్ అన్ని పగ్ ఫైళ్లనీ చూడాలి. వేగం కోసం, మారిన ఫైళ్లనే ముందుకు పంపే గల్ప్-చేంజ్డ్ ప్లగిన్ తగిలించినా ఇదే గొడవ: అది పేజీ ఫైలు మారిందా అనే చూస్తుంది, లోపల ఇన్‌క్లూడ్ చేసిన ఫుటర్ సంగతి దానికి పట్టదు. ముప్ఫై పేజీలకు ఆ హడావుడి అనవసరం కూడా.

తేజ, 334, బ్యాడిగి మిర్చి రకాల ధరలు జేసన్ ఫైల్లో (డేటా రాసుకునే ఫైలు) పెట్టి లోకల్స్ (టెంప్లేటుకు డేటా ఇచ్చే ఆప్షన్) ద్వారా అందిస్తే, పగ్‌లో ఒక్క ఈచ్ లూప్‌తో పట్టిక తయారు. అయితే ఆ ఫైలును గల్ప్‌ఫైల్లోకి నోడ్ వారి రిక్వైర్‌తో తెచ్చుకోకండి. నోడ్ మొదటిసారి చదివింది దాచేసుకుంటుంది, వాచ్ ఆపి మళ్లీ నడిపేదాకా పేజీలో పొద్దున్నటి ధరే ఉంటుంది. టాస్క్ ఫంక్షన్ లోపలే రీడ్‌ఫైల్‌సింక్‌తో చదివి పార్స్ చేయాలి.

తెలుగు పేరాలతో ఇంకో పేచీ. లైను మొదట్లో ఉన్న మాటను పగ్ ట్యాగ్ అనుకుంటుంది. అక్కడ తెలుగు అక్షరం కనబడితే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. క్లయింటు వాట్సాప్‌లో పంపిన మ్యాటర్ అతికించేటప్పుడు ప్రతి లైను ముందూ నిలువు గీత, ఒక స్పేస్ పెట్టండి. ఇండెంటేషన్‌లో ట్యాబులూ స్పేసులూ కలిసినా కంపైల్ కాదు. ఎడిటర్లో రెండు స్పేసులని ఖాయం చేసుకుంటే పీడ వదులుతుంది.

పాత గల్ప్ 3 ఫైలు ఎవరైనా ఇస్తే నోడ్ 12 నుంచి అది నడవదు. గల్ప్ 4లో టాస్క్ నుంచి స్ట్రీమ్‌ను (ఫైళ్లు ఒకదాని వెంట ఒకటి సాగే ప్రవాహం) రిటర్న్ చేయడం మరిస్తే టాస్క్ ముగిసిందని చెప్పలేదంటూ ఎర్రర్ వస్తుంది. గల్ప్ 5లో ఫొటోలు కాపీ చేసే టాస్క్‌కు ఎన్‌కోడింగ్ ఫాల్స్ అని ఇవ్వాలి, లేకపోతే మిర్చి ఫొటోలన్నీ పాడై వస్తాయి.

నాలుగైదు పేజీల సైటుకు ఇదంతా దండగ. ధరలు తనే మార్చుకుంటానని కొట్టు యజమాని అంటే వర్డ్‌ప్రెస్ పెట్టివ్వండి.