సౌత్ బబుల్ కొండ, అకాడియా నేషనల్ పార్క్: ఐదుకి నాలుగున్నర

అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రంలోని అకాడియాకు వెళ్లొచ్చిన మనవాళ్లని అడిగితే అందరూ కాడిలాక్ కొండ పేరే చెబుతారు. 1,530 అడుగుల ఎత్తు, శిఖరం దాకా కారు పోతుంది. సీజన్‌లో మాత్రం కారుకి ముందే రిజర్వేషన్ ఉండాలి. పిల్లల దగ్గరికి అమెరికా వచ్చిన మాలాంటి పెద్దవాళ్లకి నేను చెప్పేది సౌత్ బబుల్. ఎత్తు 766 అడుగులే. బబుల్స్ డివైడ్ పార్కింగ్ నుంచి రానూ పోనూ సుమారు ఒకటిన్నర మైలు. చెట్ల మీదా రాళ్ల మీదా నీలం రంగు గుర్తులుంటాయి, వాటి వెంట పోతే చాలు. మోకాళ్ల నొప్పులున్న మా ఆవిడ చేతికర్రతో, మధ్యమధ్యలో కూర్చుంటూ ఎక్కేసింది.

పైకెళ్లి దక్షిణానికి తిరిగితే కాళ్ల కిందే జోర్డన్ పాండ్ అనే చెరువు. కుడిచేతి పక్క పెనాబ్‌స్కాట్ కొండ, ఎడమ పక్క పెమెటిక్, ఆ చివర సముద్రం. ఆ చెరువు హిమనదం తొలిచిన గుంటలో నిలిచిన నీళ్లు, 150 అడుగుల లోతు. సీల్ హార్బర్ ఊరికి తాగునీరు ఇదే కాబట్టి ఈత సంగతి సరే, కాళ్లు తడుపుకోవడానికి కూడా దిగనివ్వరు. మంచి పద్ధతి.

నేను చీమకుర్తి క్వారీల్లో పనిచేసి రిటైరయినవాణ్ణి. అందుకని చెరువు కంటే నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది బబుల్ రాక్. శిఖరం పక్కనే, తూర్పు అంచు మీద, ఇప్పుడో అప్పుడో దొర్లిపోయేట్టు కూర్చున్న బండ. కొండంతా గులాబీ రంగు గ్రానైట్. ఈ బండ మాత్రం తెల్లగా ఉంది, దగ్గరికెళ్లి చెయ్యి పెడితే ఫెల్డ్‌స్పార్ (గ్రానైట్‌లో ఉండే ఒక ఖనిజం) పలుకులు పెద్దపెద్దవి, మధ్యలో నల్ల మచ్చలు. "ఇది ఈ కొండ సరుకు కాదు బాబూ" అన్నాను అల్లుడితో. ఫోన్‌లో చూసి, "నిజమే మామయ్య గారూ, లూసర్న్ వైపు నుంచి వచ్చిందట" అన్నాడు. అంటే పదుల మైళ్ల అవతలి రాయి. మంచుయుగంలో పార్కున్న ఈ దీవి మొత్తాన్ని కప్పేసిన మంచు దాన్ని మోసుకొచ్చి, ఇక్కడ దించి కరిగిపోయింది. మేం ఒక్క బ్లాకు లారీకెక్కించాలంటే క్రేన్, చెయిన్లు, నలుగురి అరుపులు! వచ్చినవాళ్లంతా దాన్ని తోస్తున్నట్టు ఫొటో దిగుతారు. నేనూ దిగాను.

అర మార్కు కోసింది పార్కింగ్‌కి. చాలా చిన్నది, పొద్దున్నే నిండిపోతుంది. జూన్ చివరి నుంచి అక్టోబర్ మధ్యదాకా ఐలాండ్ ఎక్స్‌ప్లోరర్ బస్సులు ఉచితంగా తిరుగుతాయి, వాటిలో రావడమే సుఖం. ఇంకో మాట. శిఖరం నుంచి నేరుగా చెరువు ఒడ్డుకి దిగే దారి కూడా ఒకటుంది. బాగా నిటారు, చేతులూ కాళ్లూ రెండూ వాడాలి. పిల్లలు సరదా పడినా మీరు మాత్రం ఎక్కిన దారినే దిగండి.

దిగాక జోర్డన్ పాండ్ హౌస్‌లో పాపోవర్లు తినాలంటారు. పూరీలా పొంగి, లోపల డొల్లగా ఉంటుంది, వేడివేడిగా వెన్న, స్ట్రాబెర్రీ జామ్‌తో ఇస్తారు. గుడ్డు వేస్తారు, శాకాహారులు చూసుకోవాలి. మేం వెళ్లింది శనివారం. మా ఆవిడ ముట్టలేదు, ఆవిడ వాటా కూడా నేనే తినేశాను.