ఫోన్‌కు తగిలించే మాక్రో లెన్స్: హన్మకొండ పెరట్లో ఒక వానాకాలం

పెరట్లోకి వచ్చే సీతాకోకచిలుకలను ఫొటో తీసి గుర్తుపట్టాలన్న కోరికతో జూన్‌లో ఆన్‌లైన్‌లో 650 రూపాయలు పెట్టి, చిన్న వస్తువులను దగ్గరి నుంచి పెద్దగా చూపే క్లిప్ మాక్రో లెన్స్ కొన్నాను. పెట్టె మీద సీతాకోకచిలుక బొమ్మ ఉంది కానీ, ఆ బొమ్మను నమ్మి ఎవరూ కొనవద్దు. వస్తువుకు రెండు మూడు సెంటీమీటర్ల దగ్గరికి వెళ్తే తప్ప ఈ లెన్స్‌కు ఫోకస్ కుదరదు. ఎండెక్కిన తర్వాత అంత దగ్గరికి రానిచ్చే సీతాకోకచిలుక నాకు ఇంతవరకు కనబడలేదు.

అయితే, మా వైపు కల్యామాకు అని పిలిచే కరివేపాకు చెట్టు దగ్గర ఇదే లెన్స్ తన విలువను నిరూపించుకుంది. కామన్ మోర్మన్ అనే సీతాకోకచిలుక ఆ ఆకుల మీద పెట్టే లేతపసుపు గుడ్డు, మొదట్లో పిట్టరెట్టలా ఉండి తర్వాత ఆకుపచ్చగా మారే గొంగళిపురుగు, ముట్టుకుంటే అది తల వెనుక నుంచి బయటికి చాపే ఎర్రని జంట కొమ్ము, అన్నీ స్పష్టంగా వచ్చాయి. (కల్యామాకు కోసం వచ్చే మా ఇంటావిడకు మాత్రం ఈ ఆనందం పట్టదు.)

పెద్ద సీతాకోకచిలుకలకు లెన్స్ తీసేసి, ఫోన్‌లోని రెండింతల జూమ్‌తో తీయడమే మేలు. మోర్మన్ ఆడవాటిలో ఒక రూపం కామన్ రోజ్ అనే మరో సీతాకోకచిలుకను అచ్చంగా అనుకరిస్తుంది కాబట్టి రెక్కలతోపాటు ఒళ్లు కూడా ఫొటోలో పడాలి. రోజ్‌కు ఒంటి మీద ఎరుపు ఉంటుంది, మోర్మన్ ఒళ్లు నలుపే.

క్లిప్‌లోని రబ్బరు సెప్టెంబరుకే ఊడిపోయింది. గుడ్లు, పురుగుల కోసమైతే కొనవచ్చు.