కొత్త కొట్టుకు పాత టేబుళ్లు: మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌ను ఏళ్ల తరబడి వాడాక

డేటాబేస్ ప్రోగ్రాం యాక్సెస్‌లో పర్లాకిమిడి కొట్టుకు బిల్లింగ్ ఫైలు కట్టాలంటే పన్ను దగ్గరే అసలు పని. ఊరు ఒడిశాలో ఉంది, పొలిమేర దాటితే ఆంధ్రలోని పాతపట్నం. ఊళ్లో అమ్మితే సీజీఎస్టీ (కేంద్రం జీఎస్టీ), ఎస్‌జీఎస్టీ (రాష్ట్ర జీఎస్టీ). పాతపట్నం వ్యాపారికి సరుకు పంపితే ఐజీఎస్టీ (రాష్ట్రం దాటే సరుకుపై పడే జీఎస్టీ). జీఎస్టీ నంబరులో 15 అక్షరాలు, మొదటి రెండంకెలు రాష్ట్రానివి: ఒడిశాకు 21, ఆంధ్రకు 37. ఈ తనిఖీలన్నీ వాలిడేషన్ రూల్‌లో (తప్పు వివరాన్ని టేబులులోకి రానివ్వని నియమం) ఒకసారి సరిగ్గా పెట్టాక, ప్రతి కొట్టుకూ మళ్లీ మొదటినుంచి కట్టడం దండగ.

పాత ఫైలు టేబుళ్లనే తెచ్చుకోవచ్చు. యాక్సెస్‌లో ఖాళీ ఫైలు తెరిచి ఎక్స్‌టర్నల్ డేటా, న్యూ డేటా సోర్స్, ఫ్రమ్ డేటాబేస్, యాక్సెస్ అని వెళ్లి పాత ఫైలును చూపించాలి. టేబుళ్లు ఎంచుకున్నాక ఓకే నొక్కేయకుండా ఆప్షన్స్ తెరవండి. అక్కడ ముందే ఎంపికై ఉండేది డెఫినిషన్ అండ్ డేటా, అంటే టేబులు అమరికతో పాటు లోపలి వివరాలూ. దాన్ని అలాగే వదిలేస్తే ఒక కొట్టు ఖాతాలు ఇంకో కొట్టు చేతికి వెళ్తాయి. డెఫినిషన్ ఓన్లీ (అమరిక మాత్రమే) పెట్టి, రిలేషన్‌షిప్స్ (టేబుళ్ల మధ్య లంకెలు) టిక్ ఉందో లేదో చూసుకోవాలి.

చిక్కు ఎక్కడంటే, ఈ ఎంపిక ఆ విడతలో తెచ్చే టేబుళ్లన్నిటికీ ఒకటే. రాష్ట్రాల కోడ్‌లుండే టేబులు కూడా ఖాళీగా వస్తుంది. దాన్నొక్కదాన్ని డేటాతో విడిగా తెస్తే దాని రిలేషన్‌షిప్‌లు వెంట రావు. అందుకని అన్నీ ఒకే విడతలో ఖాళీగా తెచ్చి, పాత ఫైలులోని రాష్ట్రాల వరుసలను కాపీ చేసి పేస్ట్ అపెండ్‌తో (టేబులు చివర వరుసలుగా చేర్చే ఆదేశం) దింపడమే మేలు. అసలు ఆ టేబులు తేవడమే మరిచిపోతే దాన్నుంచి విలువలు చూపే లుకప్ ఫీల్డు పనిచేయదు, 3078 ఎర్రర్ వస్తుంది. అదే పేరుతో టేబులు ముందే ఉంటే యాక్సెస్ అడగదు, కొత్తదాని చివర 1 తగిలించేస్తుంది. ఫారాలు (వివరాలు నింపే తెరలు) మాత్రం పాతదాన్నే చూస్తుంటాయి.

మాడ్యూళ్లు (కోడ్ రాసుకున్న భాగాలు) వస్తాయి గానీ, కోడ్ ఎడిటర్‌లో టూల్స్, రెఫరెన్సెస్‌లో లైబ్రరీలకు పెట్టిన టిక్‌లు రావు. పాత ఫైలును పక్కన తెరిచి ఒక్కొక్కటీ పోల్చి పెట్టుకుని, డీబగ్ మెనూలో కంపైల్ నడపాలి.

తెలుగు సంగతికొస్తే, టేబుళ్లలో తెలుగు, ఒడియా రెండూ చక్కగా నిలుస్తాయి. కోడ్ ఎడిటర్‌లో మాత్రం ప్రశ్నార్థకాలే. టేబుల్, ఫీల్డ్ పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టి, క్యాప్షన్‌లో (తెరపై కనిపించే పేరు) ‘సరుకు’, ‘బాకీ’ అని రాయడమే దారి. డెఫినిషన్‌తో పాటు క్యాప్షన్ కూడా వస్తుంది, ఆ టేబులు మీద కట్టే కొత్త ఫారానికి తెలుగు లేబుళ్లు వాటంతటవే పడతాయి. తర్వాత క్యాప్షన్ మారిస్తే పాత ఫారాల్లో మారదు, చేత్తో దిద్దుకోవాల్సిందే.

2010 వెర్షన్‌లో వచ్చిన అప్లికేషన్ పార్ట్స్ ఫారాలనూ టేబుళ్లనూ కలిపి దింపుతుంది. సౌకర్యమే, కానీ అదీ నకలే. మూలంలో రూల్ మార్చితే పది కొట్ల ఫైళ్లలోనూ పదిసార్లు మార్చాలి. ఈ ఒక్క విషయంలో యాక్సెస్‌కు మార్కులు వేయలేం. లింక్ టేబుళ్లు (నకలు తీయకుండా మరో ఫైలులోని టేబులునే వాడేవి) పెట్టుకుంటే ఆ బాధ తప్పుతుంది, అయితే అది ఒకే కొట్టు ఫైళ్ల మధ్యే కుదురుతుంది.