నాటు కుక్కతో ఆరేళ్ళు: పెంచి చూసి చెబుతున్న మాట

కుక్కని పెంచుదామనుకునేవాళ్ళు నన్ను ముందు అడిగేది నెలకి ఎంత ఖర్చవుతుందని. నేను ముందు చెప్పేది మాత్రం పెళ్ళిళ్ళ సంగతి. ఆరేళ్ళ పైనుంచి మా ఇంట్లో అందరం కలిసి ఒక్క పెళ్ళికి కూడా వెళ్ళలేదు. ఎవరో ఒకరు మా కుక్క బూరెతో ఇంట్లో ఉండిపోవాలి. మా ఆయన ముహూర్తానికి వెళ్తే నేను రిసెప్షన్‌కి వెళ్తాను. మొదట్లో చుట్టాలు నొచ్చుకున్నారు, ‘కుక్క కోసం పెళ్ళి మానేశారట’ అని చెప్పుకున్నారు. ఇప్పుడు అలవాటుపడి శుభలేఖ ఇచ్చేటప్పుడే ‘ఈసారి ఎవరి వంతు?’ అని అడుగుతున్నారు.

ఉండేది హైదరాబాద్, పుట్టిల్లు రాజమండ్రి. బూరెని రైల్లో తీసుకెళ్ళాలంటే ఫస్ట్ ఏసీలో రెండు బెర్తుల కూపేగానీ నాలుగు బెర్తుల క్యాబిన్‌గానీ మొత్తం మనకే ఉండాలి. పార్శిల్ ఆఫీసుకి వెళ్ళి దానికి వేరే బుకింగ్ చేయించుకోవాలి. స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో కుదరదు. లేదంటే గార్డు, సామాన్లు ఉండే బ్రేక్‌వ్యాన్‌లోని పెట్టెలో పెట్టి పంపాలి, అది నావల్ల కాదు. అందుకని మా ప్రయాణాలన్నీ కారులోనే, తెల్లవారకముందే. దారిలో ఎక్కడ ఆపితే దానికి నీడ, కాస్త గడ్డి దొరుకుతాయో తెలుసు. ఎక్కడ టిఫిన్ బాగుంటుందో మాత్రం మర్చిపోయాం.

బూరె మేలుజాతి కుక్కేం కాదు. మా సందులో డ్రైనేజీ పైపుల మధ్య పుట్టిన పిల్లల్లో ఒకటి. రంగు అచ్చం నేతిలో వేగిన బూరెలా ఉంటుంది, పేరు అలా వచ్చిందే. పెట్‌షాపుల్లో హస్కీలని చూసి మనసు పారేసుకునేవాళ్ళకి ఒకటే చెబుతాను: మంచుదేశం కుక్క అది, ఒంటినిండా రెండు పొరల బొచ్చు. దాన్ని తెచ్చి మే నెల ఎండలో మూడో అంతస్తులో పెట్టి, రోజంతా ఏసీ వేసి కాపాడటం ఎవరి సరదా కోసం? మా నాటుదానికి పొట్టి బొచ్చు, సన్నటి ఒళ్ళు. ఎండాకాలం బాత్రూం గచ్చు మీద పడుకుని కాలక్షేపం చేసేస్తుంది. అయినా తారురోడ్డు మీదికి పగలు తీసుకెళ్ళం. అరచేతి వెనకభాగం రోడ్డు మీద ఆనించి చూడండి. కాసేపు ఉంచలేకపోతే దాని పాదాలూ అంతే.

ఆరోగ్యం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు టెన్షన్ అంతా ఇక్కడే. చిన్నప్పుడు టీకాలు వాయిదా వెయ్యకూడదు. పార్వో అనే వైరస్ సోకితే రక్తవిరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పడాలి. రేబిస్ టీకా మూడు నెలల వయసులో వేయించి, తర్వాత ఏటా వేయించాలి. జూలై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల గురించిన రోజు) సందర్భంగా మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. 1885లో లూయీ పాశ్చర్ అనే శాస్త్రవేత్త మొదటిసారి ఒక పిల్లవాడికి ఈ టీకా ఇచ్చింది ఆ తేదీనే. ఆడకుక్క అయితే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించెయ్యండి. చేయించకపోతే వయసు పెరిగేకొద్దీ గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం ఉంది.

వీటన్నిటికంటే నన్ను ఏడిపించింది ఒంటికి పట్టుకుని రక్తం తాగే గోమార్లు. వానలు మొదలయ్యాక ఒకరోజు బూరె అన్నం ముట్టలేదు. చెవులు వేడిగా ఉన్నాయి. కుక్కకి మామూలు ఒంటి వేడే 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది కాబట్టి చేత్తో ముట్టుకుని జ్వరం చెప్పడం కష్టం. డాక్టర్ రక్తపరీక్ష రాస్తే ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయని తేలింది. టిక్ ఫీవర్. ఎర్లిఖియా అనే బ్యాక్టీరియా గోమారు కాటుతో రక్తంలోకి వస్తుంది. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు నాలుగు వారాలు వాడాలన్నారు. మాత్రని బెల్లం ముక్కలో పెడితే బెల్లం తినేసి మాత్రని శుభ్రంగా నాకి నేలమీద పెట్టేది. ఉడికించిన చికెన్‌లో దాస్తే గానీ మింగలేదు.

అప్పటినుంచి రాత్రి భోజనాలయ్యాక నాకొక డ్యూటీ. కింద చాప వేసుకుని, తలదీపం పెట్టుకుని కూర్చుంటాను. బూరె వచ్చి పక్కకి ఒరిగి పడుకుంటుంది. ముందు చెవుల మడతలు, తర్వాత మెడపట్టీ కింద, ఆ తర్వాత కాలివేళ్ళ సందులు. గోమారు దొరికితే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా పైకి లాగాలి. మెలితిప్పితే తల లోపలే ఉండిపోతుంది. తీసినదాన్ని సబ్బునీళ్ళ గిన్నెలో పడేస్తాను. కాలివేళ్ళ దగ్గర కితకితలు పుడితే కాలు వెనక్కి లాక్కుని, మళ్ళీ తనే చాపుతుంది. కుక్క ఒంటిమీదివి తీస్తే సరిపోదు. రక్తం తాగిన ఆడ గోమారు కిందికి దిగి గోడ పగుళ్ళలో, తలుపు చట్రాల సందుల్లో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. మా ఇంటి గోడలకున్న పగుళ్ళన్నీ వైట్ సిమెంటుతో పూడ్పించాం. ఇంటి ఓనరు ఇంత శ్రద్ధ గల అద్దెవాళ్ళని చూడలేదన్నారు, కారణం నేను చెప్పలేదు.

తిండి తేలికే. గుడ్డు, ఉప్పు వెయ్యని చికెన్, అన్నం, పెరుగు. కష్టమంతా వచ్చిపోయే చుట్టాలతో. ప్రేమగా పాయసం పెడతారు, అందులో కిస్‌మిస్ ఉంటుంది. ద్రాక్షగానీ కిస్‌మిస్‌గానీ కుక్క మూత్రపిండాలని పాడుచేస్తుంది. ఉల్లిపాయ రక్తకణాలని దెబ్బతీస్తుంది, మన కూరల్లో ఉల్లిపాయ లేనిది ఎన్ని? చాక్లెట్ ఎలాగూ వద్దు. ఉడికిన కోడి ఎముకలు విరిగి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. చెబితే ‘మా ఊళ్ళో కుక్కలు ఇవే తిని బతకట్లేదా’ అంటారు. ఎన్నేళ్ళు బతుకుతున్నాయో ఎవరూ లెక్కపెట్టరు కదా.

మా అత్తగారిది మడి. ఆవిడ బూరెని ఇప్పటికీ ముట్టుకోరు. అది వంటింటి గడప ఇవతల బోర్లా పడుకుని, ముందుకాళ్ళు మాత్రం గడప మీద పెడుతుంది. ఆవిడ పోపు వేస్తూ వెనక్కి తిరక్కుండానే ‘కాళ్ళు’ అంటారు. తీస్తుంది. కాసేపటికి మళ్ళీ ఒక కాలు. పొద్దుట వంట మొదలుపెట్టినప్పటినుంచీ ఇద్దరికీ ఇదే పని. ఊరెళ్ళినప్పుడు బూరెని డబ్బులు తీసుకుని కుక్కల్ని చూసుకునే బోర్డింగ్‌లో ఉంచుదామని ఒకసారి నేనంటే ఒప్పుకోనిది కూడా ఆవిడే.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు పెంపుడు జంతువుల్ని నిషేధించకూడదనీ, వాటిని లిఫ్ట్ ఎక్కనివ్వం అనకూడదనీ జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలున్నాయి. ఆ కాగితం నా ఫోన్‌లో ఉంది, ఎవరికీ చూపించలేదు. లిఫ్టులో ఎవరైనా భయపడితే మేం మెట్లు దిగుతాం. మలం కవర్లో ఎత్తడం మానను. వాదించి గెలవడంకంటే దీనివల్లే మాకు ఎక్కువ శాంతి దక్కింది. కొత్త ఇల్లు అద్దెకి వెతుక్కోవడం మాత్రం నరకం. ‘కుక్క ఉంది’ అనగానే ఫోన్ పెట్టేసేవాళ్ళే ఎక్కువ.

లాభాలు అడుగుతారు. పొద్దున్నే నడుస్తున్నాను, ఒంటరిగా అయితే ఎప్పుడో మానేసేదాన్ని. ఇన్నేళ్ళూ పేరు తెలియని వీధి మొత్తం ఇప్పుడు నన్ను ‘బూరె వాళ్ళమ్మ’ అని పలకరిస్తుంది. సందులో కుక్కల్ని చూస్తే ముందు చెవి చూస్తాను: కొస కత్తిరించి ఉంటే ఆపరేషన్ అయినట్టు. దీపావళికి మాత్రం మాకు పండగ లేదు, కిటికీలు మూసి టీవీ పెద్దగా పెట్టుకుని దానితో కూర్చుంటాం.

డబ్బు విషయం: తిండికంటే డాక్టర్‌కే ఎక్కువవుతుంది, అదీ చెప్పాపెట్టకుండా వస్తుంది. విడిగా కొంత దాచుకోండి.

పగలంతా తాళం వేసి ఉండే ఇంటికి నేను కుక్కని సిఫారసు చెయ్యను. పిల్లలు అడిగారని కూడా తేవొద్దు, వాళ్ళు చదువులకి వెళ్ళిపోయాక పన్నెండేళ్ళు చాకిరీ చేసేది మీరే. అంత తీరిక లేకపోతే మీ సందులో ఉన్న కుక్కకి గేటు బయట రోజూ ఒక గిన్నె నీళ్ళు పెట్టి, ఏడాదికోసారి పట్టించి రేబిస్ టీకా వేయించండి.