మసాజ్ కోసం ప్రయాణం: క్రానిక్ ఫెటీగ్ ఉన్నవాళ్లు దిగదగ్గ చోట్లు, దిగకూడని చోట్లు

క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు మసాజ్ మంచిదేనా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. చేసేవాళ్ల చెయ్యి ఎంత ముఖ్యమో, ఆ బల్ల దాకా వెళ్లడానికి మీకు ఎంత ఓపిక ఖర్చవుతుందో కూడా అంతే ముఖ్యం. ఈమధ్య మా ఆయనతో కలిసి కొండప్రాంతం నుంచి సముద్రం ఒడ్డు దాకా మెల్లగా ఒక ప్రయాణం చేశాను. ఆగిన ప్రతిచోటా ఒళ్లు పట్టించుకున్నాను. ఇదే జబ్బుతో ఉన్నవాళ్లకు పనికొస్తుందని ఏ చోటు ఎలా ఉందో రాస్తున్నాను.

జబ్బు సంగతి తెలియనివాళ్లకు ముందు కొంచెం చెప్పాలి. ఇది పని ఎక్కువై వచ్చే అలసట కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్ అనే పేరుతో దీన్ని 1969లోనే నాడీ సంబంధమైన వ్యాధుల్లో చేర్చింది. 2015లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఇచ్చిన నివేదిక గుర్తులన్నీ తేటగా చెప్పింది. ఆరు నెలలకు పైగా మునుపటిలా పనులు చేసుకోలేకపోవాలి, ఎంత పడుకున్నా నిద్ర తీరకూడదు, కాస్త శ్రమపడితే ఆ తర్వాత ఒళ్లు కూలబడిపోవాలి. వీటితోపాటు ఆలోచన మొద్దుబారడమో, నిటారుగా ఉంటే కళ్లు తిరిగి ఇబ్బంది పెరగడమో ఉండాలి. ఇందులో శ్రమ తర్వాత కూలబడటమే అసలు సంగతి. అది అప్పటికప్పుడు రాదు. చాలాసార్లు 12 నుంచి 48 గంటలు ఆగి వస్తుంది, వచ్చాక రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి ఉంటుంది. అప్పు చేసిన రోజున చేతినిండా డబ్బున్నట్టే ఉంటుంది, వడ్డీ తర్వాత కదా కట్టేది. అందుకే బల్ల మీంచి లేచినప్పుడు హాయిగా ఉందా లేదా అన్నది నేను లెక్కలోకి తీసుకోలేదు. ఎల్లుండికి ఎలా ఉన్నానో చూసుకున్నాకే మంచీచెడూ రాసుకున్నాను.

మొదట కొండ మీది రిసార్ట్. ఫొటోల్లో ఎంత అందంగా ఉందో నిజంగానూ అంత అందంగా ఉంది. కానీ గదులు ఒకచోట, స్పా ఒకచోట. మధ్యలో తోటలోంచి మెట్లదారి. బండిలో దింపమని మా ఆయన అడిగితే అది సామాన్లకే అన్నారు. స్పా గుమ్మంలో అడుగు పెట్టేసరికే నా ఆ రోజు ఓపిక సగం అయిపోయింది. అక్కడ నింపమన్న ఫారంలో బీపీ, గర్భం, ఆపరేషన్ల గురించి అడిగారు. అలసట గురించి, నొప్పి గురించి ఒక్క ప్రశ్న లేదు. గదిలో ఘాటైన సెంటు వాసన, పైన మ్యూజిక్. గంటన్నర డీప్ టిష్యూ (కండరాల లోపలి దాకా గట్టిగా నొక్కి చేసే మసాజ్) ప్యాకేజీ తప్ప తక్కువసేపు చేసేది లేదన్నారు.

మసాజ్ చేసిన అమ్మాయి పనిమంతురాలు, అందులో సందేహం లేదు. మెల్లగా చెయ్యమ్మా అంటే కాసేపు మెల్లగా చేసి, అలవాటు కొద్దీ మళ్లీ మోచేత్తో నొక్కేది. "గట్టిగా పడితేనే పట్టు వదులుతుంది మేడమ్" అంది. మామూలు మనిషికి అది నిజమే కావచ్చు. మర్నాటికి కాస్త ఒళ్లు సలిపినా సర్దుకుంటుంది. మాలాంటి వాళ్ల ఒంటికి ఆ ఒత్తిడి కూడా ఒక శ్రమే. అదయ్యాక ఆవిరి గదికి తీసుకెళ్లబోయారు, నేను వద్దన్నాను. వేడికి రక్తనాళాలు వెడల్పవుతాయి, లేచి నిలబడేసరికి రక్తం కాళ్లలోకి దిగిపోతుంది. నిలబడితే గుండె దడదడలాడేవాళ్లకు ఆవిరి గది చాలా ప్రమాదం. ఎక్కడికి వెళ్లినా దీన్ని మొహమాటం లేకుండా వద్దనండి.

ఆ రాత్రి బాగానే ఉంది. మర్నాడు కూడా తిరిగాను. ఆ పై రోజు పొద్దున కళ్లు తెరిస్తే గొంతు నొప్పి, మెడలో బిళ్లలు, తొడల్లో చెప్పలేనంత బరువు. కర్టెన్ సందులోంచి వచ్చే వెలుతురు కూడా భరించలేకపోయాను. అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు అక్కడే పడుకోవాల్సి వచ్చింది. గదుల సిబ్బంది మాత్రం మేం అడగకముందే చప్పుడు లేని వైపు గది మార్చి, తలుపు కొట్టకుండా మంచినీళ్లు గుమ్మం దగ్గర పెట్టి వెళ్లేవారు. ఆ మంచితనానికి ఎంత చెప్పినా తక్కువే. అయినా ఈ జబ్బుతో ఉన్నవాళ్లెవరినీ నేను అక్కడికి పంపను.

కిందికి దిగాక ఒక పట్నంలో ఫిజియోథెరపీ క్లినిక్‌లో చూపించుకున్నాను. అక్కడి డాక్టరమ్మ బల్ల దగ్గరికి రానివ్వకముందే అడిగారు: "నిన్న ఏం చేశారు? రేపు ఏం పనుంది?" ఇన్నేళ్లలో నన్ను ఆ రెండూ కలిపి అడిగిన మనిషి ఆవిడే. ట్యూబ్‌లైట్ తీసేయించి, మెడ, భుజాలు మాత్రమే, పావుగంటలో ముగించారు. తలనొప్పి నిజంగా తగ్గింది. కాకపోతే ఆ పావుగంట కోసం టీవీ మోగుతున్న హాల్లో, గట్టి కుర్చీల మీద చాలాసేపు నిటారుగా కూర్చోవాల్సి వచ్చింది. మాకు కూర్చోవడం విశ్రాంతి కాదని చెప్తే జనం నమ్మరు. పిలిచేదాకా కారులో వెనక సీట్లో పడుకుంటానని ముందే ఫోన్లో చెప్పుకోవడం మేలు.

ఆవిడ వ్యాయామం వారం వారం కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పొమ్మన్నారు. బ్రిటన్‌లో వైద్యానికి మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2007లో అదే సలహా ఇచ్చింది, 2021లో దాన్ని తీసేసింది. ఉన్న శక్తి పరిధిలోనే మెలగమంటోంది ఇప్పుడు. ఆ మాట చెప్పాను. ఆవిడ విసుక్కోకుండా కాగితం మీద రాసుకున్నారు. వైద్యులందరూ అలా వింటే మా బతుకులు ఎంత తేలికపడేవో!

చివరి మజిలీ సముద్రం పక్కన, మసాజ్ చికిత్సతోపాటు బస కూడా ఇచ్చే చోటు. నేను ఎక్కువ చెప్పాలనుకున్నది దీని గురించే. కాటేజీలన్నీ నేలమట్టంగా ఉంటాయి, కారు గుమ్మం దాకా వస్తుంది. అన్నిటికంటే పెద్ద సంగతి, మసాజ్ మన గదిలోనే చేస్తారు. అయ్యాక బట్టలు మార్చుకుని, హాలు దాటి, మెట్లెక్కాల్సిన పని లేదు. ఉన్నచోటే నిద్రపోవచ్చు.

మేనేజర్ మొదట రోజూ చేయించుకోవాల్సిందే, కోర్సు మధ్యలో ఆపితే ఒంట్లో విషాలు పోవు అన్నాడు. మసాజ్‌తో ఒంట్లో విషాలు బయటికి పోతాయన్నదానికి ఆధారం లేదు. రోజు విడిచి రోజైతేనే ఉంటాం, లేకపోతే వెళ్లిపోతాం అని మా ఆయన గట్టిగా చెప్తే ఒప్పుకున్నాడు.

చేసినావిడ యాభై దాటిన మనిషి. వాసన లేని నూనె తెమ్మంటే తెచ్చింది. మొదటి రోజు చెయ్యి వెయ్యకముందు అరచేతులు రుద్దుకుని వెచ్చచేసుకుంది. నా పాదం మీద చెయ్యి ఊరికే పెట్టి, కదపకుండా ఉంచింది. "ఈ బరువు సరిపోతుందా అమ్మా? నొప్పి అంటే నోటితో చెప్పక్కర్లేదు, వేలు కదపండి చాలు" అంది. మాట్లాడటం కూడా ఖర్చేనని ఆవిడకు ఎవరు చెప్పారో తెలియదు. ఆ రోజు మోకాళ్ల కింద దాకా మాత్రమే చేసింది. నాకేమీ కాలేదని రెండు రోజులు చూసి, తర్వాత చేతులు, ఆ పైన వీపు. బోర్లా ఎక్కువసేపు ఉంచకుండా పక్కకు తిప్పి, మోకాళ్ల మధ్య దిండు పెట్టి చేసేది. అయిపోగానే లేవనిచ్చేది కాదు. ముందు పక్కకు ఒత్తిగిలి, తర్వాత కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుని, కళ్లు తిరగడం లేదని చెప్పాకే నిలబడాలి.

ఎల్లుండి పరీక్షలో నెగ్గింది ఈ చోటే. కాళ్ల పీకుడు తగ్గింది, రాత్రి మధ్యలో మెలకువలు తగ్గాయి. ఓపిక మాత్రం పెరగలేదు, నడవగలిగే దూరం అంతే. అంతకుమించి ఆశపెట్టేవాళ్లను నమ్మకండి. 1997లో మయామీలోని టచ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు ఈ జబ్బున్న 20 మంది మీద చేసిన పరిశోధనలో మసాజ్ చేయించుకున్నవాళ్లకు దిగులు, ఒంటి బాధలు తగ్గాయి, నిద్రపోయే గంటలు పెరిగాయి. 20 మంది అంటే చాలా చిన్న గుంపు, దాన్ని పట్టుకుని జబ్బు నయమవుతుందని చెప్పడానికి లేదు. అయినా నొప్పి, నిద్ర విషయంలో నా అనుభవం దాంతో సరిపోయింది.

ఇంకో మాట మరువకూడదు. ఈ జబ్బున్నవాళ్లలో కనీసం నాలుగోవంతు మంది ఎప్పుడో ఒకప్పుడు ఇల్లు కదలలేక, మంచం దిగలేక గడిపినవాళ్లే. జబ్బు బాగా ముదిరినవాళ్లకు దుప్పటి తగిలినా నొప్పి పుడుతుంది. వాళ్లకు ప్రయాణం మాట అటుంచి, ఇంటికొచ్చి చేసే మసాజ్ కూడా పడకపోవచ్చు. అలాంటివాళ్లను బాగుపడతావు రమ్మని బలవంతపెట్టకండి.

సముద్రం పక్క చోట ఒక్క లోటు ఉంది. కొత్తగా వేసిన పెయింటు వాసన మా కాటేజీలో మొదటి రాత్రి తెగ ఇబ్బంది పెట్టింది. పాత వరసలోని గదులకు ఆ బాధ లేదు, పైగా అవి రోడ్డుకు దూరం. గది తీసుకునేటప్పుడు పాత వరసే కావాలని, మసాజ్ అరగంట దాటకూడదని, చేరిన రోజు మసాజ్ పెట్టొద్దని ముందే చెప్పండి. మేం అక్కడి నుంచి బయల్దేరేముందు మేనేజర్‌కు ఈ మూడూ రాసిచ్చాం. ఈ జబ్బుతో ఎవరొచ్చినా అలాగే చేస్తానన్నాడు.