ఆరేళ్ళు ఉప్పుగాలిలో నిలిచిన వీహెచ్‌ఎఫ్ యాంటెన్నా: వాడినవాడి సమీక్ష

మాది హనుమకొండ, సముద్రం చూడాలంటే విశాఖ రైలెక్కవలసిన ఊరు. అయినా ఓడలో కరెంటు, ఎలక్ట్రానిక్ సాధనాలు చూసుకునే ఎలక్ట్రో టెక్నికల్ ఆఫీసర్‌గా ఒకే సరుకు ఓడకు తిరిగి తిరిగి వెళ్తూ, దాని మాస్ట్ (పై స్తంభం) మీద నా చేతులతో బిగించిన ఫైబర్‌గ్లాస్ వీహెచ్‌ఎఫ్ యాంటెన్నాను, అంటే ఓడలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రేడియో యాంటెన్నాను, ఆరేళ్ళు కనిపెట్టుకుని ఉన్నాను కనుక, దాని మంచిచెడ్డలు చెప్పగలననుకుంటున్నాను.

చూడటానికి ఇది మనిషి ఛాతీ ఎత్తుండే తెల్లటి కడ్డీ. ఆపద పిలుపులకూ మొదటి పలకరింపుకూ వాడే, 156.8 మెగాహెర్ట్జ్ మీద నడిచే 16వ చానెల్‌లోనూ, ఆ చుట్టుపక్కల చానెళ్ళన్నిటిలోనూ మాట స్పష్టంగా పోయింది, వచ్చింది. వీహెచ్‌ఎఫ్ తరంగాలు దాదాపు చూపుమేరకే పోతాయి. మా ఊరి పద్మాక్షి గుట్ట ఎక్కితే కనబడే ఊళ్ళు కింద నిలబడితే కనబడనట్టే, ఇక్కడా ఎత్తుదే పెత్తనం. రెండు ఓడల యాంటెన్నాలూ నీటికి 25 మీటర్ల ఎత్తున ఉంటే లెక్క ప్రకారం సుమారు 22 నాటికల్ మైళ్ళు అందాలి. మాకు కొంచెం అటూ ఇటూగా అంతే అందింది.

జాగా ఎంచుకోవడంలో మాత్రం రాజీపడలేదు. ఓడ పేరు, ఉన్న చోటు చుట్టుపక్కల ఓడలకు తనంతట తానే తెలిపే ఏఐఎస్ యాంటెన్నాకూ దీనికీ మధ్య ఒకే నిలువు గీతలో కనీసం 2 మీటర్ల ఎడం, ఒకే ఎత్తులో పక్కపక్కన పెట్టవలసివస్తే 10 మీటర్ల ఎడం ఉండాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి. మాస్ట్ మీద అంత ఖాళీ దొరకడం మా వీధిలో కారు నిలపడానికి జాగా దొరకడం వంటిదే. చివరికి ఏఐఎస్‌ది పైకి, దీన్ని దాని సూటిగా కిందికి, రెండింటినీ రాడార్ కిరణం తగలని పక్కకు బిగించాను.

కేబుల్ సంగతి ఇంకా ముఖ్యం. రేడియో 25 వాట్లు పంపినా, 30 మీటర్ల సన్నటి ఆర్‌జీ-58 తీగ గుండా పైకి చేరేది సుమారు 6 వాట్లే. లావుపాటి ఆర్‌జీ-213 అయితే సగానికి పైగా చేరుతుంది. ఆ తేడా తెలిసీ సన్న తీగ లాగేవాళ్ళను చూశాను.

నాలుగో ఏడాది నా తప్పు బయటపడింది. దగ్గరి ఓడలు కూడా మా పిలుపు సరిగ్గా వినబడడం లేదనడం మొదలుపెట్టాయి. మీటరు పెట్టి చూస్తే, మొదట 1.3 ఉన్న ఎస్‌డబ్ల్యూఆర్ 3 దాటింది. పంపిన శక్తి యాంటెన్నా వైపు నుంచి ఎంత వెనక్కి తిరిగివస్తోందో చెప్పే అంకె అది, 1కి ఎంత దగ్గరుంటే అంత మంచిది. రాడార్ ఆపించి, స్విచ్‌కు చీటీ కట్టించి, నడుముకు బెల్టు బిగించుకుని పైకెక్కాను. యాంటెన్నా అడుగున కేబుల్‌ను కలిపే పీఎల్-259 కనెక్టర్ విప్పగానే రెండు చుక్కల నీళ్ళు అరచేతిలో పడ్డాయి. కేబుల్ లోపలి రాగి అల్లిక ఆకుపచ్చగా, ముట్టుకుంటే రాలేట్టుగా ఉంది. రబ్బరు టేపు నేనే చుట్టాను, కాని పైనుంచి కిందికి చుట్టాను. గూనపెంకల ఇంట్లో పుట్టి పెరిగినవాణ్ణి. కింది వరుస నుంచి పైకి కప్పితేనే వాన జారిపోతుందని చిన్నప్పుడే చూసినవాణ్ణి, ఆ సంగతి మాస్ట్ మీద గుర్తు రాలేదు. పాడైన మూర పొడవు తీగ కోసేసి, కొత్త కనెక్టర్ సాల్డర్ చేసి, ఈసారి కిందినుంచి పైకి చుట్టాక ఎస్‌డబ్ల్యూఆర్ 1.4కు దిగింది. యాంటెన్నా మారలేదు.

అయితే దానిలోనూ లోపాలున్నాయి. అయిదో ఏటికి పై నునుపు పోయి, పట్టుకుంటే తెల్లటి పొడితో పాటు గాజు నూగు చేతికి గుచ్చుకుని రాత్రంతా దురద పెట్టింది. కుంచె పట్టిన బోసన్ (డెక్ మీది పనివాళ్ళ పెద్ద) కంటికి ఓడ మీద రంగు వేయకూడని వస్తువంటూ ఉండదు కనుక, దాని మీద లోహం కలిసిన రంగు పడకుండా కాపలా కాయవలసివచ్చింది. దాన్ని మాస్ట్‌కు బిగించడానికి దానితో వచ్చిన యూ-బోల్టులు రెండేళ్ళకే తుప్పు పట్టాయి.

ఓడను నీటిలోంచి బయట నిలిపి మరమ్మతు చేసే వచ్చే డ్రైడాక్‌కు ఇదే నమూనా తెప్పించమని రాసి ఇచ్చాను. యూ-బోల్టులు మాత్రం స్టెయిన్‌లెస్‌వి విడిగా కొనమన్నాను.