తగ్గాల్సిన ఆయిల్ పెరిగింది: టర్బో పెట్రోల్ ఎస్‌యూవీతో నా అనుభవం

కొన్నేళ్లుగా నడుపుతున్న ఈ టర్బో పెట్రోల్ ఎస్‌యూవీ మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. అది టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే పరికరం) గురించి కాదు. కొనే ముందు తెలిసినవాళ్లంతా భయపెట్టింది టర్బో పేరు చెప్పే గానీ, ఆ భాగం నుంచి ఇప్పటిదాకా అనవసరమైన కూత గానీ, చుక్క లీకేజీ గానీ లేదు. నన్ను ఇబ్బంది పెట్టింది ఇంజిన్ ఆయిల్. ఆయిల్ తాగే ఇంజిన్ల గురించి అందరం వింటూనే ఉంటాం. నా బండిలో మాత్రం ఆయిల్ పెరిగింది.

ముందుగా మెచ్చుకోవలసింది మెచ్చుకోవాలి. ఇది 1.5 లీటర్ల, నాలుగు సిలిండర్ల డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్. 1,600 ఆర్‌పీఎం దగ్గరే టార్క్ మొత్తం అందుతుంది కాబట్టి, నిండా మనుషులతో, సామానుతో ఎత్తు ఎక్కుతున్నప్పుడు కూడా గేరు దించాల్సిన అవసరం అరుదుగా వస్తుంది. టర్బో లేని ఇంజిన్ వెయ్యి మీటర్ల ఎత్తుకు దాదాపు పదో వంతు శక్తిని కోల్పోతుంది. కొండదారుల్లో పలచబడే గాలి లోటును టర్బో చాలావరకు పూడుస్తుంది. ఈ సుఖం అలవాటయ్యాక మామూలు ఇంజిన్ బండి నడపడం నాకు కష్టంగానే ఉంది. అయితే ఇదంతా ఇంజిన్ బాగా వేడెక్కిన తరువాతి మాట. స్టార్ట్ చేసిన మొదటి కొన్ని నిమిషాల్లో ఆ పికప్ ఉండదు, బలవంతంగా రాబట్టకూడదు కూడా. టర్బో ఇచ్చే పికప్‌ను తనివితీరా వాడుకున్న వారాల్లో, కాగితం మీద రాసిన మైలేజీకీ బండి ఇచ్చే మైలేజీకీ పొంతన ఉండదు.

అసలు విషయం చలికాలంలో బయటపడింది. ఆ రోజుల్లో బండిని ఎక్కువగా నాలుగైదు కిలోమీటర్ల పనులకే తీసేవాణ్ని. చదునైన చోట ఆపి, కాసేపు ఆగి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీసి చూస్తే, రెండు గుర్తుల మధ్య ఉండాల్సిన ఆయిల్ పై గుర్తును దాటి వేలి మందాన నిలిచి ఉంది. తుడిచి మళ్లీ ముంచినా అంతే. పుల్లను పట్టుకుని నిలవాల్సిన ఆయిల్ నీళ్లలా కొసకు జారిపోతోంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే గుప్పుమని పెట్రోలు వాసన. ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ స్థాయి మారలేదు, ఆయిల్‌లో పాల రంగూ లేదు, అంటే అందులో కలిసింది నీరు కాదు.

సర్వీస్ సెంటర్లో చెబితే, గత సర్వీసులో కాస్త ఎక్కువ పోసి ఉంటారని, తగ్గలేదు కాబట్టి దిగులు పడాల్సింది లేదని అన్నారు. ఎక్కువైన ఆయిల్‌ను తీసి పంపేశారు. మళ్లీ అవే చిన్న ప్రయాణాలు సాగాక మట్టం మళ్లీ పై గుర్తును దాటింది. ఎక్కువ పోసిన ఆయిల్ తీసేశాక మళ్లీ ఎలా పెరుగుతుందన్న ప్రశ్నకు అక్కడ ఎవరూ జవాబు చెప్పలేదు. ఈ బండి విషయంలో నాకు ఇప్పటికీ చల్లారని కోపం అదే.

జవాబు ఇంజిన్ పనితీరులోనే ఉంది. ఈ రకం ఇంజిన్లలో పెట్రోలు అధిక ఒత్తిడితో నేరుగా సిలిండర్‌లోకి చిమ్ముతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కంప్యూటర్ పెట్రోలు మోతాదు పెంచుతుంది. అందులో కొంత ఆవిరి కాకుండా సిలిండర్ గోడలకు అంటుకుని, పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ బాగా వేడెక్కితే ఆ పెట్రోలు ఆవిరై, ఇంజిన్ అడుగు భాగమైన క్రాంక్‌కేస్‌లోని గాలితో పాటు తిరిగి ఇంజిన్ గాలి పీల్చుకునే ఇన్‌టేక్‌లోకి వెళ్లి కాలిపోతుంది. కానీ కూలెంట్ వేడిని చూపే ముల్లు మధ్యకు వచ్చినంత మాత్రాన ఆయిల్ వేడెక్కినట్లు కాదు, దానికి ఇంకా చాలా సమయం పడుతుంది. నా ప్రయాణాలు అంతకు ముందే ముగిసిపోయేవి. ఇది నా ఒక్కడి అనుభవమూ కాదు. నా బండి హోండాది కాదు గానీ, 2018లో ఇదే సమస్య మీద చైనాలో హోండా తన 1.5 లీటర్ల టర్బో సీఆర్-వీలను వెనక్కి పిలిపించవలసి వచ్చింది.

వాడిన ఆయిల్ నమూనాను ల్యాబ్‌కు పంపించాను. 0డబ్ల్యూ-20 గ్రేడు (చిక్కదనాన్ని తెలిపే గుర్తు) ఆయిల్ 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర కనీసం 6.9 సెంటీస్టోక్స్ చిక్కదనంతో ఉండాలి. నాది అంతకంటే కిందికి పడిపోయింది. నిమిషానికి 2 లక్షల చుట్ల దాకా తిరిగే టర్బో షాఫ్ట్‌ను మోసేది పలుచని ఆయిల్ పొరే కనుక, ఈ ఫలితం చూశాక నాకు కంటి మీద కునుకు పట్టలేదు.

ఊహించని ఊరట ఆ తరువాత వచ్చింది. ఆయిల్ మార్పించి, వారానికి ఒకసారైనా ఆగకుండా గంటకు తక్కువ కాని ప్రయాణం చేయడం మొదలుపెట్టాక, మట్టం గుర్తుల మధ్యే నిలిచింది. కానీ మట్టం నిలకడగా ఉన్నంత మాత్రాన ఆయిల్ బాగుందని ఇప్పుడు నేను నమ్మను. ఖర్చయిన ఆయిల్ స్థానాన్ని పెట్రోలు నింపినా పుల్ల మీద అదే గీత కనిపిస్తుంది. అందుకే వాసన చూడటం మానలేదు. ఆయిల్ మార్పు గడువును కూడా సగానికి తగ్గించాను. నిజానికి యజమాని పుస్తకంలోనే, చిన్న దూరాలు, ఎక్కువసేపు ఐడ్లింగ్ వంటి కఠిన పరిస్థితుల్లో ఆయిల్‌ను ముందే మార్చాలని విడిగా ఒక పట్టిక ఉంది. సగటు మనిషి రోజువారీ వాడకాన్నే కఠినమంటూ వెనక పేజీల్లో దాచి, సుదీర్ఘమైన గడువును మాత్రం ముందు పేజీల్లో ప్రకటించడం నాకు న్యాయంగా తోచలేదు.

మిగతా నిర్వహణలో పెద్దగా చెప్పుకోవలసింది లేదు. పుస్తకంలో చెప్పిన గ్రేడుతో పాటు డబ్బా మీద ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ఇచ్చే ఎస్‌పీ అన్న నాణ్యతా గుర్తు కూడా చూసుకుంటాను. 2020లో వచ్చిన ఆ ప్రమాణం, తక్కువ వేగంలో స్పార్క్ కంటే ముందే మిశ్రమం అంటుకునే ప్రమాదాన్నీ, టైమింగ్ చైన్ అరుగుదలనూ పరీక్షించి ఇచ్చేది. స్పార్క్ ప్లగ్‌లను గడువు దాటనివ్వను, ఎందుకంటే టర్బో ఒత్తిడిలో ప్లగ్ గ్యాప్ పెరిగితే ఇగ్నిషన్ కాయిల్ మీద భారం పడుతుంది. ఇన్‌టేక్ వాల్వుల మీద మసి పేరుకోవడం డైరెక్ట్ ఇంజెక్షన్‌కు సహజమే గానీ, నా బండిలో దాని లక్షణాలు ఇంకా కనిపించలేదు.

మళ్లీ ఇదే ఇంజిన్ కొంటానా అంటే, నా ప్రస్తుత జీవితానికి సరిపడా జవాబే చెప్పగలను. వారాంతాల్లో దూర ప్రయాణాలు ఉన్నన్నాళ్లు దీన్ని సంతోషంగా ఉంచుకుంటాను. రోజూ యాభై కిలోమీటర్లు ఏకబిగిన నడిపేవారికి నేను రాసిన ఈ బాధ ఎదురుకాకపోవచ్చు కూడా. పిల్లల బడికీ, కూరగాయలకూ మాత్రమే బండి తీసేవారు, అందులోనూ చలి ప్రాంతంలో ఉండేవారు, నన్ను అడిగితే టర్బో లేని ఇంజిన్‌నో హైబ్రిడ్‌నో ముందు నడిపి చూడమంటాను. హైబ్రిడ్‌లో ఇంజిన్ పదే పదే ఆగి మళ్లీ మొదలవుతుంది కాబట్టి, అందులోనూ ఆయిల్ ఎంత వేడెక్కుతోందో తెలుసుకునే నిర్ణయించుకోవాలి.